పొగగొట్టంలోంచి తారు కారుతోంది, మొన్న రాత్రి గొట్టమే ఎర్రగా కాలింది, ఇంక ఈ పొయ్యి వెలిగించొచ్చా?

ప్రశ్న: తమ్ముడూ, మాది పలమనేరు దగ్గర పల్లె. తోటలోనే ఇల్లు, పాత పెంకుటిల్లు. మా ఆయనకి మోకాళ్ళ నొప్పులు, చలికాలం వస్తే రాత్రిళ్ళు నిద్రే ఉండదు. పోయినేడు మా వాడు చిత్తూరులో వెల్డింగ్ షాపులో ఇనప రేకుతో కట్టెల పొయ్యి చేయించి హాల్లో పెట్టినాడు, 4 అంగుళాల గొట్టం పెంకుల్లోంచి పైకి పోతుంది. ఈసారి వానలు తగ్గినాక మళ్ళీ మొదలుపెట్టినాము. రాత్రి పెద్ద మొద్దు ఒకటి పెట్టి గాలి తలుపు మూసేస్తే తెల్లారిందాకా రగులుతా ఉంటుంది. ఈమధ్య గొట్టం అతుకుల దగ్గర నల్లగా తారు మాదిరి కారి గోడంతా చారలు పడినాయి, ఒకటే ఘాటు వాసన. మొన్న రాత్రి గొట్టంలో లారీ వస్తున్నట్టు గుయ్యిమని శబ్దం, చూస్తే గొట్టం ఎర్రగా కాలిపోతా ఉంది, బయట నిప్పురవ్వలు. భయమేసి బిందెడు నీళ్ళు కుమ్మరించినా, ఆవిరి కొట్టి చెయ్యి కాలింది. కాసేపటికి అదే ఆగిపోయింది. మా వాడేమో తారంతా కాలిపోయింది, ఇంక గొట్టం క్లీన్ అయినట్టే, వారానికోసారి ఇట్లా గట్టిగా మండిస్తే చాలు అంటాడు. పక్కింటామె నిప్పులో గుప్పెడు రాళ్ళుప్పు వేస్తే తారు పోతుంది అంటుంది. ఎవరి మాట వినాలి?

సమాధానం:

అక్కా, ముందు ఆ చెయ్యి డాక్టరుకి చూపించండి, ఆవిరికి కాలింది పైకి చిన్నదిగా కనిపించినా లోపల బొబ్బ ఎక్కుతుంది. తర్వాత మాట, ఆ పొయ్యి వెలిగించొద్దు. ఈ రాత్రికి కూడా వద్దు, బావ ఎంత చలి అన్నా వద్దు, ఎందుకో చెప్తా.

మీకు మొన్న జరిగింది చిన్న విషయం కాదు, గొట్టంలో నిప్పంటుకుంది. లారీ శబ్దం అన్నారు చూడండి, అది సరిగ్గా దాని గుర్తే, గొట్టం లోపల పేరుకున్న తారు అంటుకుని కిందనుంచి గాలిని గట్టిగా లాక్కుంటూ మండితే వచ్చే శబ్దం. లోపల వేడి 1000 డిగ్రీల సెల్సియస్ కూడా దాటొచ్చు. మీ నెత్తిన పెంకులు, పెంకుల కింద వాసాలు, వాసాల కింద ఎన్నో ఏళ్ళుగా ఎండిన దూలం. ఆరోజు ఆగిపోయిందంటే ఆ కాసింత తారు అయిపోయి ఆగిపోయిందేమో గానీ మీరు నీళ్ళు పోసినందుకు కాదు.

నేను పదేళ్ళు తిరుపతిలో కల్యాణ మండపాలకి, మెస్సులకి కట్టెల పొయ్యిలకి గొట్టాలు బిగించే పని చేసినాను, ఈ తారుతో చేతులు నల్లగా చేసుకోని వారం లేదు. దీన్ని క్రియోసోట్ అంటారు. రైఖెన్‌బాక్ అనే జర్మన్ కెమిస్ట్ 1830ల్లో కట్టె తారులోంచి దీన్ని వేరు చేసి గ్రీకు మాటలతో ఆ పేరు పెట్టినాడు, మాంసాన్ని చెడిపోకుండా కాపాడేది అని అర్థం. మన ఇళ్ళలో ఉప్పుకండలు పొయ్యి పైన దండెం కట్టి ఆరేసేవాళ్ళు కదా, పొగ తగిలితే పురుగు పట్టదని, ఆ గుణం పొగలో ఉండే ఇట్లాంటి పదార్థాలదే. మాంసానికి మేలు చేసిన పొగే గొట్టానికి చేటు.

అది ఎట్లా పుడుతుందో మీకు ఇట్టే తెలుస్తుంది, మన చిత్తూరు జిల్లాలో బెల్లం గానుగ చూడనోళ్ళు ఉండరు. మా పెద్దనాయన గానుగలో చిన్నప్పుడు నేను పొయ్యిలోకి పిప్పి తోసేవాణ్ణి. బాగా ఎండిన పిప్పి తోస్తే మంట బుస్సున లేచి పెనం తుకతుకా ఉడికేది, గొట్టం పైన పొగ ఉండీ లేనట్టు ఉండేది. తడి పిప్పి తోస్తే చాలు, తెల్లగా చిక్కగా పొగ, కళ్ళంట నీళ్ళు, పెనం మీద నురగ పడిపోయేది, పెద్దనాయన ఆడనుంచి కేకేసేవాడు. ఆ తెల్లపొగ అంటే కాలాల్సింది కాలకుండా పైకి పోతున్న కట్టె. అందులో నీటి ఆవిరి ఉంటుంది, తారు ఆవిరి ఉంటుంది. పొయ్యిలో వేడి చాలకపోతే, గాలి చాలకపోతే అది మండకుండానే గొట్టం ఎక్కుతుంది. పైకి పోయే కొద్దీ గొట్టం చల్లగా ఉంటుంది కదా, లోపలి గోడ ఒక 120 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే అన్నం గిన్నె మూత కింద నీళ్ళు పట్టినట్టు ఆ ఆవిరంతా గోడకి పట్టుకుంటుంది. నీళ్ళు ఆరిపోతాయి, తారు మిగిలిపోతుంది. రోజూ ఒక పొర.

పొరలు కూడా అన్నీ ఒకటి కాదు. మొదట మెత్తటి మసి, చేత్తో తుడిస్తే వస్తుంది. తర్వాత నల్లగా మెరిసే పెళుసు పెచ్చులు, గట్టి బ్రష్ పెట్టి గీకితే రాలతాయి. ఆ తర్వాతది అసలు ప్రమాదం, ముదురు పాకం పెనానికి అంటుకుని గట్టిపడితే ఎట్లా ఉంటుందో అట్లా, నల్లటి గాజు మాదిరి నున్నగా పట్టేస్తుంది, బ్రష్‌కి లొంగదు. రాత్రంతా గాలి మూసి రగిలించే పొయ్యిల్లో ఈ మూడో రకం తొందరగా వస్తుంది. అమెరికాలో పొగగొట్టాలు శుభ్రం చేసే పనోళ్ళు 3 మిల్లీమీటర్ల మందం పేరుకుంటే చాలు క్లీన్ చేయాలి అని లెక్క పెట్టుకున్నారు, అంటే రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందం, అంతే. మీ గొట్టం 4 అంగుళాలే, అందులో ఆ మందం పట్టిందంటే దారి ఇరుకై పొగ ఇంకా నిదానంగా పోతుంది, ఇంకా చల్లబడుతుంది, ఇంకా ఎక్కువ పడుతుంది.

అందుకే చెప్తున్నా, తప్పు పొయ్యిది కాదు, రాత్రి పెట్టే ఆ పెద్ద మొద్దుది, మూసిన గాలి తలుపుది. గాలి మూస్తే కట్టె తెల్లారిందాకా వస్తుంది నిజమే, కానీ వచ్చేది నిప్పు కాదు పొగ, కట్టెలో వేడి ఇవ్వాల్సిన సరుకు కాలకుండా పోయి గొట్టానికి పూత పూస్తోంది. పైగా మన పలమనేరు చలి రాత్రంతా పొయ్యి మండాల్సినంత చలి కాదక్కా. గొట్టం కొత్తది వేసినాక, పడుకునే ముందు రెండు గంటలు చిన్న కట్టెలతో జోరుగా మండించి గది వెచ్చబెట్టి, ఆరిపోయినాక పడుకుంటే చాలు. రగిలే పొయ్యిని పెట్టుకుని నిద్రపోవడం నాకు అస్సలు ఇష్టం లేదు.

ఇంక కట్టెల సంగతి, అసలు కథంతా ఇక్కడే ఉంది. అప్పుడే కొట్టిన కట్టెలో దగ్గర దగ్గర సగం బరువు నీళ్ళే. అంటే కిలో పచ్చి కట్టె పొయ్యిలో పెడితే ముందు అర లీటరు నీళ్ళు మరగబెట్టి ఆవిరి చేసినాకే మీకు వేడి. మంచి కట్టెలో తేమ 20 శాతం కన్నా తక్కువ ఉండాలి. మనకి ఇంకో చిక్కు ఉంది, తెలంగాణ వాళ్ళకి అంతగా లేనిది. వాళ్ళకి పెద్ద వానలు జూన్‌లో వచ్చి సెప్టెంబర్ దాటితే తగ్గిపోతాయి, చలి వచ్చేలోపు కట్టెలు ఆరుతాయి. మనకి అక్టోబర్, నవంబర్, డిసెంబర్‌లోనే ఈశాన్య రుతుపవనాల వాన, తుపాను వస్తే ఇంక చెప్పక్కర్లేదు, 2021 నవంబర్‌లో తిరుపతి వీధుల్లో నీళ్ళు ఎట్లా పారినాయో అందరూ చూసినాము. అంటే చలి మొదలయ్యే సరిగ్గా ఆ టైముకే మన కట్టెలు తడిసి ఉంటాయి. మీరే రాసినారు, వానలు తగ్గినాక మళ్ళీ మొదలుపెట్టినాము అని. ఆ కట్టెలు యాడ పెట్టి ఉన్నారో రాయలేదు గానీ ఊహించగలను.

కాబట్టి కట్టెలు వేసవిలోనే తెచ్చుకోవాలి, మార్చి ఏప్రిల్‌లో. మొద్దులు అట్లాగే పెడితే తొందరగా ఆరవు, బెరడు నీటిని లోపల పట్టుకుంటుంది, గొడ్డలితో చీల్చి మీ మణికట్టు లావుకో కొంచెం ఎక్కువకో చేసుకోవాలి. నేల మీద పేర్చొద్దు, కింద రాళ్ళో ఇటుకలో పెట్టి ఆపైన పేర్చాలి. టార్పాలిన్ చుట్టూ కప్పి కట్టేస్తారు చాలామంది, అది తప్పు, లోపల ఉడికి బూజు పడుతుంది, పైన మాత్రం రేకు వేసి పక్కలు గాలికి వదిలేయాలి. సవుకు కట్టె చీల్చి పెడితే మన ఎండలకి ఒక వేసవిలో బాగా ఆరుతుంది, చింత కట్టెయితే చీల్చినా సంవత్సరం ఆగాలి. మీ వైపు పాత మామిడి చెట్లు కొట్టేస్తే మొద్దులు అగ్గువకి దొరుకుతాయి, అవి కూడా మంచివే, ఆరితేనే. సవుకు మంచిదా, నీలగిరి మంచిదా, జిగురుండే కట్టెకి తారు ఎక్కువ పడుతుందా అని నన్ను అడిగేవాళ్ళు, ఏ కట్టె అనేదానికన్నా ఎండిందా లేదా అనేదే ముఖ్యం.

కట్టె ఎండిందో లేదో చూడటానికి మీటర్లు కూడా వచ్చినాయి, రెండు సూదులుంటాయి, కట్టెని చీల్చి లోపలి వైపు గుచ్చితే శాతం చూపిస్తుంది, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అది లేకపోయినా రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి చూడండి, ఎండినదైతే ఖంగుమంటుంది, తడిదైతే దబ్ అని మొద్దు శబ్దం. కోసిన కొనల్లో చక్రం ఆకుల్లా పగుళ్ళు కనబడాలి. పొయ్యిలో పెట్టినాక కొనల్లోంచి చుయ్యిమంటూ నురగ వచ్చిందంటే అది పచ్చిదే, తీసి పక్కన పెట్టండి. ఇంకోటి, అడితిలో కట్టె క్వింటా లెక్కన తూచి ఇస్తారు కదా, పచ్చి కట్టె కొంటే మీరు నీళ్ళకి డబ్బు కడుతున్నట్టే, వేసవిలో తీసుకుంటే ఆ విధంగా కూడా లాభం.

ఇప్పుడు మీ అబ్బాయి మాట. పూర్తిగా తప్పని అనను, శుభ్రమైన గొట్టం ఉన్నవాళ్ళు రోజూ మొదట్లో ఒక పావుగంట గాలి బాగా తెరిచి జోరుగా మండిస్తే గొట్టం వేడెక్కి తారు పట్టడం తగ్గుతుంది, అది మంచి అలవాటే. కానీ ముందే మందంగా పట్టిన గొట్టం కింద జోరుగా మండించడమంటే దాన్ని మనమే అంటించినట్టు. మొన్న కాలిపోయి క్లీన్ అయిందని అనుకుంటున్నాడు, గొట్టం విప్పి చూస్తే తెలుస్తుంది, సగం కాలిన తారు బొరుగుల మాదిరి పొంగి లోపల అట్లాగే ఉంటుంది చాలాసార్లు, అది ఇంకా సులువుగా అంటుకుంటుంది, ఒక్కోసారి రాలి దారికి అడ్డం పడుతుంది. పైగా ఎర్రగా కాలిన రేకు మళ్ళీ పాత రేకు కాదు, వంగుతుంది, అతుకులు నోరు తెరుస్తాయి. ఆ గొట్టం పారేయండి, నా మాట వినండి, కొత్తది కొనండి. రాళ్ళుప్పు సంగతి అయితే, ఉప్పు తారుని తీయదు, ఆ పొగ ఇనపరేకుని తినేస్తుంది, అంతే.

గొట్టం కొత్తది వేసేటప్పుడు ఒక్కటి మీ అబ్బాయికి చూపించండి. అతుకుల దగ్గర తారు బయటికి కారుతోందంటే, గొట్టాలు తలకిందులుగా బిగించినారని నా అనుమానం. మామూలుగా అందరూ పొగ బయటికి రాకూడదని కింది గొట్టాన్ని పై గొట్టం లోపలికి దూరుస్తారు. అట్లా చేస్తే పైనుంచి జారే తారు ప్రతి అతుకు దగ్గరా బయటికి వస్తుంది. పై గొట్టం కింది గొట్టం లోపలికి దిగాలి, పెంకులు పేర్చినట్టు అనుకోండి గానీ లోపలి వైపునుంచి, అప్పుడు కారినదేదైనా మళ్ళీ పొయ్యిలోకే పడి కాలిపోతుంది. పొగ బయటికి వస్తుందనే భయం వద్దు, గొట్టం బాగా లాగుతుంటే అతుకుల్లోంచి గాలి లోపలికే పోతుంది. పొయ్యిలోంచి పొగ బయటికి పోయే నోరు ఎంత వెడల్పో గొట్టం అంతే ఉండాలి, మధ్యలో తగ్గించొద్దు. వంపులు ఎంత తక్కువైతే అంత మంచిది, మోచెయ్యి వంపు దగ్గరే తారు కూర్చుంటుంది. పైన గొట్టం కప్పు దాటినచోట 3 అడుగులైనా ఎత్తు పోవాలి, 10 అడుగుల లోపల ఉండే కొప్పు కన్నా 2 అడుగులు ఎత్తుండాలి. జీఐ పైపు వద్దు, ఎక్కువ వేడికి దాని జింకు పూత పొగ వస్తుంది, మంచిది కాదు. ఆస్బెస్టాస్ పైపు అసలే వద్దు, వేడికి టపటపా పగులుతుంది, దాన్ని కోస్తే వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకి ముప్పు. నల్ల ఇనుమో స్టీలో వేయించండి.

నాకు అన్నిటికన్నా ఎక్కువ దిగులు మీ కప్పు దగ్గర. ఒంటి రేకు గొట్టానికి, చుట్టుపక్కల ఏ కట్టె వస్తువుకైనా మధ్య 18 అంగుళాలు ఖాళీ ఉండాలి, అంటే మూర. మీ పెంకుటింట్లో వాసాల మధ్య అంత ఖాళీ ఉండే ఛాన్స్ లేదు. కట్టెకి రోజూ వేడి తగిలి తగిలి అది లోపలే బొగ్గులాగా మారుతుంది, అట్లా మారిన కట్టె కొత్త కట్టెకన్నా చాలా తక్కువ వేడికే అంటుకుంటుంది, ఒకరోజు మంట కూడా అక్కర్లేదు, ఊరికే గొట్టం వేడికే రాజుకుంటుంది. అందుకని కప్పు దాటే చోట రెండు గొట్టాలు ఒకదానిలో ఒకటి, మధ్యలో రాక్‌వుల్, అంటే రాతితో చేసే మంట అంటుకోని దూది లాంటిది, నింపినది వేయాలి, దాని చుట్టూ కూడా ఖాళీ వదలాలి, ఆ ఖాళీని గడ్డితోనో కొబ్బరి పీచుతోనో కుక్కొద్దు. ఇట్లా దుప్పటి కప్పిన గొట్టం వేడిగా ఉంటుంది కాబట్టి తారు కూడా తక్కువ పడుతుంది. ఇంటి కప్పు కింద అటక ఉంటే టార్చి వేసి దూలం పైకి నల్లగా కమిలిందేమో రేపే చూడండి.

క్లీన్ చేసేటప్పుడు పొయ్యి ఆరి ఒక రోజు గడవాలి. గొట్టం కొలతకి సరిపడే బ్రష్, పైనుంచి కిందికి. ముక్కుకి మంచి మాస్క్, చేతికి గ్లవుజులు, ఒంటినిండా పాత చొక్కా, అయిపోయినాక తలంటు స్నానం. పిల్లోళ్ళతో చేయించొద్దు. ఈ మసి ఊరికే మురికి కాదు, లండన్‌లో పొగగొట్టాలు తుడిచే పిల్లలకి పెద్దయ్యాక వృషణాల చర్మానికి క్యాన్సర్ వస్తోందని పెర్సివాల్ పాట్ అనే డాక్టర్ 1775లోనే రాసినాడు, పని వల్ల క్యాన్సర్ వస్తుందని లోకానికి మొదట తెలిసిన సంగతుల్లో అదొకటి. చలికాలం అంతా వాడితే మొదలుపెట్టే ముందు ఒకసారి, మధ్యలో నెలకోసారి విప్పి చూసుకోండి. తీసిన బూడిద అట్టపెట్టెలోనో ప్లాస్టిక్ బకెట్లోనో పోయొద్దు, ఇనప డబ్బాలో మూత పెట్టి ఇంటి బయట ఉంచండి, లోపల నిప్పు రెండు మూడు రోజులు కూడా బతుకుతుంది. ఇంకా పాల కవర్లు, పెయింట్ వేసిన తలుపు చెక్కలు, ప్లైవుడ్ ముక్కలు, కిరోసిన్, ఇవి పొయ్యిలో వద్దు. రేణిగుంట, పాకాల వైపు పాత రైల్వే స్లీపర్ చెక్కలు కొంతమంది తెచ్చి కాలుస్తారు, అవి బొగ్గు తారు పట్టించిన చెక్కలు, ఆ పొగ విషం.

మళ్ళీ ఎప్పుడైనా గొట్టంలో శబ్దం వస్తే నీళ్ళు పోయొద్దక్కా. కాలిన ఇనుము మీద నీళ్ళు పడితే ఆవిరి ఎట్లా ఎగురుతుందో మీ చెయ్యే చెప్తుంది. పొయ్యి తలుపు, గాలి తలుపు రెండూ గట్టిగా మూసేయండి, గాలి అందకపోతే మంట తగ్గుతుంది. అందరూ బయటికి రండి, బావకి మోకాళ్ళు అంటున్నారు కాబట్టి ఆయన్ని ముందు బయటికి తెండి. 101కో 112కో ఫోన్ చేయండి. నీళ్ళుంటే బయటనుంచి పెంకుల మీద, చుట్టుపక్కల గడ్డివాము మీద చల్లండి, గొట్టంలోకి వద్దు. ఆరిపోయినట్టు అనిపించినా అటకలో దూలం రాజుకుందేమో చాలాసేపు కాపలా ఉండాలి.

ఇంకొక్క మాట, ఇది నా ఇంట్లో జరిగింది. నీళ్ళు కాగబెట్టే బాయిలర్ గొట్టంలో గోరింకలు గూడు పెట్టినాయి, మాకు తెలియదు. తెల్లవారుజామున అమ్మ స్నానాల గదిలో తల తిరుగుతోంది, వాంతి వస్తోంది అని గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. అదృష్టం, తలుపు గడియ వేసుకోలేదు. కార్బన్ మోనాక్సైడ్, వాసన ఉండదు, రంగు ఉండదు, పొగ కనబడకపోయినా ఉంటుంది. గొట్టం తారుతో మూసుకుపోయినా అదే జరుగుతుంది. పొయ్యి ఉన్న గదిలో అందరికీ ఒకేసారి తలనొప్పి, మత్తు వస్తే అది చలి కాదు, వెంటనే తలుపులు తీసి బయటికి నడవండి. దానికి అలారం మిషన్లు దొరుకుతాయి, మీ అబ్బాయి చేత ఒకటి తెప్పించి పడకగది దగ్గర పెట్టించండి. పొయ్యి ఆపేస్తున్నాం కదా అని కుంపట్లో బొగ్గులు వేసి మంచం కింద పెట్టే ఆలోచన వస్తుంది చూడండి, అది మాత్రం వద్దు, తలుపులు మూసిన గదిలో కుంపటి ఈ గొట్టంకన్నా తొందరగా ప్రాణం తీస్తుంది.

అంతవరకూ బావ మోకాళ్ళకి వేడినీళ్ళ రబ్బరు సంచి, పైన కంబళి, పడుకునే గది కిటికీ సందులకి గుడ్డలు. రేపు పగటిపూట టేపు తీసుకుని గొట్టానికి దగ్గరి వాసానికి మధ్య ఎన్ని అంగుళాలు ఉందో కొలిచి, విప్పిన గొట్టం లోపలివైపు ఒక ఫోటో, అతుకు దగ్గర ఒక ఫోటో తీసి పంపండి, చూసి ఏ సైజు పైపు, ఎంత పొడుగు తీసుకోవాలో చెప్తా, వెల్డింగ్ షాపాయనకి మీ అబ్బాయి చూపించేలాగా రాసిస్తా.